అప్పతో శ్రీలంక వెళ్లొచ్చాం, ఇప్పుడు ఫోటోలూ లెక్కలూ ఏవీ కుదరట్లేదు

వంశధార_గట్టు
2025 జనవరిలో మా అప్పా (అక్క) నేనూ తొమ్మిది రోజులు శ్రీలంక తిరిగొచ్చాం. అనురాధపురం, దంబుల్లా, సిగిరియా, పొలన్నరువ, కాండీ, నాను ఓయ, చివర్న కొలంబో. ఏడాది దాటాక ఇప్పుడు అంతా ఒక పుస్తకంగా కుట్టి అమ్మకి ఇద్దామని కూర్చుంటే నాలుగు చోట్ల ఆగిపోయినాం.

ఒకటి, నా ఫోన్లో 1,140 ఫోటోలు, అప్ప పాత డిజిటల్ కెమెరాలో 860. కెమెరాలో చూస్తే తేదీలన్నీ 2019 అంటున్నాయి. రెండు కలిపితే అనురాధపురం తర్వాత కొలంబో, దాని తర్వాత మళ్లీ దంబుల్లా వస్తన్నాది. రెండు, సిగిరియా ముందా పొలన్నరువ ముందా అని ఇద్దరికీ పడట్లేదు. మూడు, దాచిన బిల్లులు సగం తెల్లకాగితాలైపోయినాయి. నాలుగు, డాలర్లు, కార్డు, యూపీఐ, అక్కడి నోట్లు కలిసిపోయి ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో తేలట్లేదు. ప్యాకేజీ 96,000 అప్పే కట్టింది.

తెలిసినవాళ్లు ఒక్కొక్కటీ ఎలగ విప్పాలో చెప్పండి.

ఫోటో_మాస్టారు_విజయనగరం
ముందు ఒక పని. ఏ ఫోటో తేదీనీ ఇప్పుడే మార్చొద్దు. రెండు ఫోల్డర్లూ యథాతథంగా ఇంకో చోటికి కాపీ చేసి, దాని పేరు "అసలు, ముట్టుకోవద్దు" అని పెట్టండి. మిగతా పనంతా కాపీ మీదే.

కెమెరా 2019 అంటోందంటే లోపల గడియారాన్ని నిలబెట్టే చిన్న సెల్ అయిపోయినట్టు. అప్పుడు ఛార్జింగ్‌కని పెద్ద బ్యాటరీ తీసిన ప్రతిసారీ గడియారం మొదటికి పోతుంది. తేదీ అడిగితే అందరం "సరే" నొక్కేస్తాం, అది ఫ్యాక్టరీ తేదీతో మళ్లీ మొదలెడుతుంది. అందుకే 860 ఫోటోలకీ ఒకే సవరణ సరిపోదు. బ్యాటరీ తీసిన ప్రతి రాత్రీ ఒక కొత్త ముక్క.

తేదీ ప్రకారం పేర్చకండి, ఫైలు నంబరు ప్రకారం పేర్చండి. బ్యాటరీ తీసినా నంబరు మాత్రం కెమెరా సాధారణంగా మర్చిపోదు. 9999 దాటితే 0001కి వస్తుంది, అది ఒక్కటి చూసుకోవాలి. నంబరు పెరుగుతూ ఉండగా తేదీ వెనక్కి ఎక్కడ గెంతిందో అక్కడ గీత గీయండి. తొమ్మిది రోజులకి నాలుగైదు గీతలు రావచ్చు.

ఇప్పుడు ఒక్కో ముక్కలో మీ ఫోన్లోనూ కెమెరాలోనూ ఉన్న ఒకే క్షణం పట్టుకోండి. ఇద్దరూ ఒకేసారి తీసిన ఏనుగు, దిగుతున్న రైలు, ఏదైనా. రెండు టైముల తేడా రాసుకోండి. ఒక్క క్షణంతో సరిపెట్టుకోవద్దు, ముక్కకి మూడు చూడండి. మూడింట్లోనూ తేడా ఒక నిమిషం అటూ ఇటూగా ఒకటే వస్తే ఆ ముక్క మొత్తానికీ అదే సవరణ. మూడూ మూడు రకాలుగా వస్తే మీరు గీత గీయాల్సిన చోటు ఒకటి వదిలేశారు.

సవరణకి గూగుల్ ఫోటోస్ కంప్యూటర్‌లో తెరిచి, ముక్కంతా ఎంచుకుని, తేదీ సమయం మార్చే చోట "జరపడం" ఎంచుకోవాలి. "అన్నిటికీ ఒకే సమయం" నొక్కితే రెండొందల ఫోటోలూ ఒకే నిమిషంలో తీసినట్టు అయిపోతాయి. చాలామంది అక్కడే పడిపోతారు. కంప్యూటర్ అలవాటున్నవాళ్లు ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్ వాడొచ్చు. గూగుల్‌లో మార్చిన తేదీ గూగుల్ లోపలే ఉంటుంది, ఎగ్జిఫ్‌టూల్ మాత్రం ఫైలు లోపల రాస్తుంది. పుస్తకం వేరే చోట వేయించాలంటే రెండోదే మంచిది.

బొబ్బిలి_వీణ
అక్కడి టైము వేరు కదా మాస్టారూ, అది కలపక్కర్లేదా?

ఫోటో_మాస్టారు_విజయనగరం
అక్కర్లేదు. 2006 ఏప్రిల్ నుంచి శ్రీలంకదీ మనదీ ఒకటే టైము. సింగపూరో మలేషియానో అయితే రెండున్నర గంటలు చూసుకోవాలి.

పలాస_జీడిచెట్టు
గట్టు, ఆ 860 ఫోటోలూ అప్ప నీకు ఎలా పంపింది? వాట్సాప్‌లో అయితే ఈ లెక్కలేవీ పనిచేయవు. వాట్సాప్ ఫోటోని నలిపేసి, తీసిన సమయం, నంబరు రెండూ ఊడబెరికేస్తుంది. పంపిన రోజే తీసిన రోజైపోతుంది.

వంశధార_గట్టు
వాట్సాప్‌లోనే పంపింది! కెమెరా మెమరీ కార్డు మాత్రం అప్ప దగ్గరే ఉన్నాది, రాజాంలో.

పలాస_జీడిచెట్టు
అయితే కార్డు తెప్పించు. కార్డ్ రీడర్ పెట్టి నేరుగా కాపీ. తప్పనిసరై వాట్సాప్‌లోనే పంపాలంటే ఫోటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపమను. అప్పుడు ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది. "హెచ్‌డీ" నొక్కినా నలుగుడు తప్పదు, కొంచెం తక్కువ నలుగుతుంది, అంతే.

ఫోటో_మాస్టారు_విజయనగరం
జీడిచెట్టు చెప్పిందే ముందు చెయ్యండి. ప్రింటుకి కూడా అదే ముఖ్యం. మామూలు వాట్సాప్ ఫోటో పొడుగు వైపు 1600 పిక్సెళ్లు ఉంటుంది. అంగుళానికి 300 చొప్పున వేస్తే అయిదుంపావు అంగుళాలే. నాలుగు ఆరు సైజుకే చాలదు, ఏ4 పేజీ నిండా వేస్తే ముఖాలు మసకే. ఏ4కి 2480, 3508 కావాలి.

టెక్కలి_నల్లరాయి
ఫోటోలు కలిపే ముందు ఒక పని చెయ్యాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఇద్దరూ విడివిడిగా, ఫోటోలు చూడకుండా, ఒకరితో ఒకరు మాట్లాడకుండా, రోజుకో పేజీ చొప్పున గుర్తున్నది రాయండి. పొద్దున ఏం తిన్నారు, బండి ఎక్కడ ఆగింది, ఏది ఎంతకి కొన్నారు, ఎవరికి కోపం వచ్చింది. అక్షరాలు అందంగా అక్కర్లేదు.

ఎందుకంటే ఫోటో చూసిన తర్వాత గుర్తొచ్చేది ఫోటోయే. ఫ్రేములో లేనిదంతా రాలిపోతుంది. పక్కనుంచి అప్ప "కాదు, ఆరోజు వాన" అనేసరికి మీకూ వాన గుర్తొచ్చేస్తుంది. పెద్దవాళ్ల మాట నెగ్గి చిన్నవాళ్ల జ్ఞాపకం పోతుంది, లేకపోతే గట్టిగా మాట్లాడేవాళ్లది నిలబడుతుంది.

గజపతి_కోట
ఏడాది దాటాక ఫోటోలు లేకుండా ఏం గుర్తుంటుంది? ఖాళీ పేజీ చూస్తూ కూర్చుంటారు.

టెక్కలి_నల్లరాయి
ఖాళీగా ఉంటే ఖాళీగానే వదలండి, అదీ ఒక సమాచారమే. ఆగిపోతే ఫోటోలకి బదులు దారి పట్టుకోండి. ఒక కాగితం మీద బస చేసిన ఊళ్లు వరసగా రాసి, ఒక్కో రాత్రి పడుకున్న గదిలో మంచం ఏ వైపు ఉంది, కిటికీలోంచి ఏం కనబడింది అని అడుక్కోండి. చోటు గుర్తొస్తే మిగతావి వెంట వస్తాయి. రాయడం బద్ధకమైతే ఫోన్లో రికార్డ్ చేసి మాట్లాడండి. ఫ్యాను ఆపండి, ఫోను మెత్తని తువ్వాలు మీద పెట్టండి, మూతికి జానెడు దూరంలో. నలభై నిమిషాలకి మించొద్దు.

తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి మూడు రంగులు వాడండి. ఇద్దరూ రాసినది ఒక రంగు, ఒకరే రాసినది ఒకటి, ఇద్దరికీ పడనిది ఒకటి. పడనివాటికే సాక్ష్యం వెతకాలి. ఫోటో, బిల్లు, బ్యాంకు మెసేజి. సాక్ష్యం దొరకనివి రెండూ పుస్తకంలో వెయ్యండి, "అప్ప ఇలా అంటుంది, నేను ఇలా అంటాను" అని. అమ్మకి ఇచ్చే పుస్తకంలో అమ్మ ఎక్కువసేపు ఆగేది ఆ పేజీల దగ్గరే.

గజపతి_కోట
చివరి మాటకి ఒప్పుకుంటాను.

లెక్కల_పంతులు
నాలుగో ముడి నేను విప్పుతాను. కాగితం, పెన్ను తీసుకోండి.

గూగుల్‌లో ఆ రోజు రేటు చూసి లెక్క కట్టొద్దు. ఆ రేటుకి మీకు ఎవరూ డబ్బు ఇవ్వలేదు. మీ చేతిలోంచి పోయిన రూపాయలే అసలు లెక్క.

నోట్లు: ఇక్కడ డాలర్లు కొన్నప్పుడు ఎంత కట్టారు, అక్కడ మార్చితే ఎన్ని లంక రూపాయలు వచ్చాయి. ఉదాహరణకి 300 డాలర్లు 87.60 చొప్పున కొంటే 26,280. అక్కడ 295 చొప్పున మార్చితే 88,500 లంక రూపాయలు. 88,500ని 26,280తో భాగిస్తే 3.37. అంటే మన రూపాయికి మూడు లంక రూపాయల ముప్ఫైఏడు పైసలు, ఒక లంక రూపాయి మనకి దాదాపు 30 పైసలు. ఇది మీ సొంత రేటు. నోట్లతో చేసిన ఖర్చంతా దీంతోనే. రెండు మూడుసార్లు మార్చి ఉంటే అన్నీ కూడి ఒకేసారి భాగించండి. ఏ నోటు ఏ విడతలోదో ఎవరూ చెప్పలేరు.

కార్డు: స్టేట్‌మెంట్లో పడిన రూపాయలే తీసుకోండి. గీకిన రోజు వచ్చిన మెసేజి అంకె వేరు, రెండు మూడు రోజులకి ఖరారయ్యే అంకె వేరు. విదేశీ మార్పిడి రుసుం 3.5 శాతం ఉన్న కార్డైతే దాని మీద జీఎస్టీ 18 శాతం కలిపి 4.13 పడుతుంది. కొన్ని బ్యాంకులు దాన్ని వేరే లైనులో వేస్తాయి, ఆ లైను వదిలేస్తే లెక్క తప్పుతుంది. దుకాణంలో "ఇండియన్ రూపాయల్లో వేయమంటారా" అని అడిగితే వద్దనాలి, అక్కడి రూపాయల్లోనే వెయ్యమనాలి. లేకపోతే మిషను వాడి రేటు తగులుకుంటుంది.

యూపీఐ: శ్రీలంకలో 2024 ఫిబ్రవరి 12న మొదలైంది. యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపులు ఆన్ చేసుకుంటేనే పనిచేస్తుంది. చరిత్రలో మన రూపాయలే ఉంటాయి కాబట్టి మార్చే పని లేదు.

పంచడం: మూడు గడులు గీయండి. ఉమ్మడి, గట్టు సొంతం, అప్ప సొంతం. గది, బండి, ఇద్దరూ తిన్నది ఉమ్మడి. అమ్మకి కొన్న చీరా ఉమ్మడే. ఎవరు కట్టారన్నది పక్కన ఇంకో గడి. ఉమ్మడి మొత్తంలో సగం, అందులోంచి ఎవరు కట్టింది వాళ్లకి తీసేస్తే మిగిలేదే బాకీ.

ఇక ఎక్కువమంది మర్చిపోయేది. ప్యాకేజీ అప్పే కట్టింది అన్నారు, అంటే ఆవిడ పాన్ మీదే అయ్యుంటుంది. విదేశీ టూర్ ప్యాకేజీ మీద అప్పట్లో మొదటి రూపాయి నుంచే 5 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను) కోసేవారు. 96,000 మీద 4,800. అది ఖర్చు కాదు, అప్ప పన్ను ఖాతాలో జమ. ఆవిడ 26ఏఎస్‌లో, అంటే పన్ను జమల పట్టికలో కనబడుతుంది. రిటర్న్‌లో చూపించి ఉంటే ఈపాటికి రీఫండ్‌గానో తగ్గిన పన్నుగానో వచ్చేసి ఉంటుంది. కాబట్టి మీరు సగం ఇవ్వాల్సింది 96,000లోనే, 1,00,800లో కాదు. ఇంతకు ముందే మీరు 50,400 ఇచ్చేసి ఉంటే 2,400 మీకే వెనక్కి రావాలి.

గజపతి_కోట
అప్పకీ తమ్ముడికీ మధ్య పైసల లెక్కా మాస్టారూ? చిన్నప్పుడు ఎత్తుకు తిరిగిన మనిషి.

లెక్కల_పంతులు
ఎత్తుకు తిరిగింది కాబట్టే తేల్చాలి. అప్ప నోరు తెరిచి అడగదు. లెక్క వేస్తే ఎంత మోసిందో తమ్ముడికి తెలుస్తుంది. ఆ డబ్బు ఆవిడ తీసుకోకపోతే అది వేరే మాట. అప్పుడు ఆ మొత్తం ఆవిడ పేరన రికరింగ్ డిపాజిట్‌లో వేసి, తర్వాతి ప్రయాణానికి దాచండి.

పైడితల్లి_దీవెన
మిగిలిన డాలర్లు ఇంకా ఇంట్లో ఉంటే? ఆర్నెల్లలో మార్చేయాలంటారు కదా.

లెక్కల_పంతులు
తిరిగొచ్చిన 180 రోజుల్లో బ్యాంకుకో లైసెన్సున్న మనీ ఛేంజర్‌కో ఇచ్చేయాలి. కానీ 2,000 డాలర్ల విలువ దాకా ఎవరికి వారు ఉంచుకోవచ్చు. నాణేలకి పరిమితి లేదు. మిగిలిన లంక నోట్లు మాత్రం ఇక్కడ మార్చడం కష్టం, కొలంబో విమానాశ్రయంలో ఎక్కే ముందే మార్చేయాలి. ఇప్పుడు మీ దగ్గరున్నవి పుస్తకంలో అంటించుకోండి. జిగురుతో కాదు.

వంశధార_గట్టు
మాస్టారూ, మీ మూడు గడులూ గీసేశాను. టీసీఎస్ విషయం మా ఇద్దరికీ తట్టలేదు. నా సగం అని 50,400 ఇచ్చేశాను, అప్పకి ఫోన్ చేస్తాను.

డే_అండ్_నైట్_జిరాక్స్
బిల్లుల సంగతి. తెల్లబడినవి థర్మల్ కాగితాలు. వాటిలో సిరా ఉండదు, వేడి తగిలితే నల్లబడే పూత ఉంటుంది. వెలుతురు, వేడి, చేతి నూనె, ప్లాస్టిక్ కవరు, సెల్లోటేపు జిగురు, ఇవన్నీ దానికి శత్రువులే. పారదర్శక ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టి భద్రం అనుకుంటారు, అదే ముందు తినేస్తుంది. పర్సులో మడత పెట్టినవి మడత దగ్గర ముందు పోతాయి.

ఇంకా కాస్త కనబడుతున్నవి ఈరోజే మామూలు కాగితం మీద జిరాక్స్ తీయించండి. తర్వాత అసలువి కాగితపు కవర్లో. ల్యామినేషన్ చేయించకండి, వేడికి బిల్లంతా బొగ్గైపోతుంది. పూర్తిగా పోయినట్టున్నవి రంగులో స్కాన్ చేసి, ఎడిటర్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడదీసి చూడండి. తరచూ నీలం పొరలో అక్షరాల జాడ మిగిలి ఉంటుంది. దాన్నే ముదురు చేస్తే మొత్తం, తేదీ చదవొచ్చు. హెయిర్ డ్రయ్యర్ పెట్టి వేడి చేసే ఆటలు వద్దు, ఉన్నదీ పోతుంది.

రైలుబండి_ఆమదాలవలస
రైలు టికెట్లు దొరకట్లేదని బెంగ పెట్టుకోకండి. శ్రీలంకలో రిజర్వేషన్ లేని అట్ట టికెట్లు దిగిన స్టేషన్ గేటు దగ్గర తీసేసుకుంటారు. మీరు పోగొట్టలేదు. తేదీకి యూపీఐ చరిత్ర, కార్డు మెసేజిలు చూడండి. ఫలానా ఊళ్లో టీ తాగిన నిమిషం కూడా అందులో ఉంటుంది. మాస్టారు చెప్పిన గడియారం సవరణకి కూడా అది పనికొస్తుంది.

పుస్తకం చదివి ఇంకెవరైనా బయల్దేరితే వాళ్లకి కూడా ఒక మాట. 2025 నవంబర్ చివర్లో దిత్వా తుపానుకి ఆ దేశంలో కొండ రైలు దారి బాగా దెబ్బతింది. కాండీ నుంచి నాను ఓయ, ఎల్ల వైపు ఏ ముక్క నడుస్తోందో టికెట్ కొనే ముందే చూసుకోవాలి. రిజర్వేషన్ 30 రోజుల ముందు తెరుస్తారు, ఎల్ల బండి సీట్లు నిమిషాల్లో అయిపోతాయి. ఇటు నుంచి చెన్నై సెంట్రల్‌లో దిగితే విమానాశ్రయానికి మెట్రో నేరుగా ఉంది, ఆటోవాళ్లతో బేరం అక్కర్లేదు.

వంశధార_గట్టు
కార్డు వచ్చింది. గీతలు గీస్తే అయిదు ముక్కలయ్యాయి, మూడు కుదిరాయి. రెండో ముక్కకీ మూడో ముక్కకీ మధ్యే సిగిరియా, పొలన్నరువ ఉన్నాయి. అప్పుడు అప్ప కార్డు మార్చింది, నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యాయి. ఇది ముందా అది ముందా తేలట్లేదు. ఆ రెండు రోజులూ నా ఫోను నీళ్లలో పడి ఆగిపోయింది.

ఇంకోటి. ఊరు పోల్చలేని ఫోటోలు నలభై దాకా ఉన్నాయి. ఒకదాంట్లో అప్ప ఒక పొడుగాటి పడుకున్న రాయి పక్కన నిలబడింది. రాయి నిండా అక్షరాలు, అంచు పొడుగునా హంసలు, ఒక చివర అమ్మవారి మీద ఏనుగులు నీళ్లు పోస్తున్నట్టు ఉంది.

ఫోటో_మాస్టారు_విజయనగరం
గడియారం చేతులెత్తేస్తే ఒంటి మీద చూడాలి. ఒక్కసారి జరిగితే మళ్లీ వెనక్కి పోనివి వెతకండి. తెగిన చెప్పు, వేలికి కట్టిన ప్లాస్టరు, ఫోను గాజు మీద బీట, కొత్తగా కొన్న టోపీ, కమిలిన మెడ. బట్టలు నమ్మకండి, ఉతికి మళ్లీ తొడుగుతారు. ఫోటో పూర్తిగా పెద్దది చేసి ముఖాలు వదిలేసి కాళ్లు చూడండి.

సాలిహుండం_సారు
ఆ రాయి గల్పొత, అంటే రాతి పుస్తకం. పొలన్నరువలో దళదా మళువ అనే చదరపు ఆవరణలో హటదాగె గుడి పక్కన ఉంటుంది. పొడవు దాదాపు 27 అడుగులు. అంచున హంసల వరస, చివర గజలక్ష్మి, మీరు చెప్పినవన్నీ కలిశాయి. 1187 నుంచి 1196 దాకా ఏలిన నిశ్శంకమల్లుడు చెక్కించాడు. అంత రాయిని మిహింతలె నుంచి తెప్పించినట్టు అందులోనే రాయించాడు.

గట్టు గారూ, ఈ ఫోటోకి పుస్తకంలో ఒక పూర్తి పేజీ ఇవ్వండి. నిశ్శంకమల్లుడు తాను కళింగంలోని సింహపురంలో పుట్టానని శాసనాల్లో చెప్పుకున్నాడు. ఆ సింహపురం మన శ్రీకాకుళం పక్కనున్న సింగుపురమేనని చాలామంది చరిత్రకారులు అంటారు. కాండీలో మీరు దర్శించిన బుద్ధుడి దంతధాతువూ కళింగంలోని దంతపురం నుంచే, హేమమాల అనే రాకుమార్తె జడలో దాచుకుని తెచ్చిందని వాళ్ల సంప్రదాయం. సరుబుజ్జిలి దగ్గర మన దంతపురం కోట ఉంది కదా.

గజపతి_కోట
సారూ, దంతపురం ఎక్కడన్నది తేలని విషయం. ఒరిస్సావాళ్లు పూరీ అంటారు. పుస్తకంలో మనదే అని రాసేస్తే ఎలా?

సాలిహుండం_సారు
మీరన్నది నిజమే. "సంప్రదాయం ఇలా ఉంది, మన జిల్లాలోనూ ఆ పేరుతో ఒక చోటు ఉంది" అని రాయమంటాను, అంతకు మించి కాదు. సింగుపురానికి ఆధారం దీనికంటే గట్టిది.

మిగతా ఫోటోలు పోల్చడానికి కొన్ని గుర్తులు. గుడి మెట్ల ముందు అర్ధచంద్రాకారపు రాయి కనబడితే జంతువుల వరస చూడండి. ఏనుగు, గుర్రం, సింహంతో పాటు ఎద్దు కూడా ఉంటే చాలావరకు అనురాధపురం. ఎద్దు లేకపోతే పొలన్నరువ. అక్కడికి వచ్చేసరికి ఎద్దు మీద కాలు పెట్టడం బాగోదని తీసేశారంటారు. రాతిలోనే తొలిచిన పడుకున్న బుద్ధుడు, పక్కన చేతులు ఛాతీ మీద కట్టుకుని నిలబడ్డ విగ్రహం ఉంటే అది గల్ విహార, పొలన్నరువే. పడుకున్న విగ్రహం 14 మీటర్లు. గుహ పైకప్పు నిండా రంగులు, వరసగా బుద్ధులు ఉంటే దంబుల్లా. అక్కడ అయిదు గుహలున్నాయి, లోపలి ఫోటోలు చూసి ఏ గుహో పోల్చడం కష్టం. నంబరు వరసని నమ్ముకోండి. సిగిరియా కుడ్యచిత్రాలకి ఫోటో తీయనివ్వరు, అందుకే మీ దగ్గర అవి ఉండవు. పోయాయేమోనని వెతక్కండి.

బొబ్బిలి_వీణ
సిగిరియా కట్టిన కాశ్యపుడు, మొగ్గల్లానుడు కూడా అన్నదమ్ములే కదా సారూ. వాళ్లు రాజ్యం కోసం యుద్ధానికి పోయారు, వీళ్లు ఏ ఊరు ముందు అన్న దగ్గర ఆగారు, నయమే.

వంశధార_గట్టు
దొరికింది! కాళ్లు చూడమన్నారు కదా. గల్ విహార దగ్గర చెప్పులు విప్పిన చోట అప్ప తీసిన ఫోటో ఒకటి ఉంది. ఎడమ చెప్పు పట్టీకి పిన్నీసు. పెద్దది చేస్తే పిన్నీసు తల వెండి రంగు, పట్టీ అంచు నూలు లేచిపోయి ఉంది. సిగిరియాలో సింహం గోళ్ల దగ్గర నిలబడ్డ ఫోటోలో అదే చెప్పు, పట్టీ బాగానే ఉంది, పిన్నీసు లేదు. కాబట్టి సిగిరియాయే ముందు.

ఫోటో_మాస్టారు_విజయనగరం
అంతే, తేలిపోయింది. ఆ రెండు ఫోటోలూ పక్కపక్కన పుస్తకంలో వెయ్యండి.

ఇక ప్రింటు. 2,000 ఫోటోల్లోంచి పుస్తకానికి నూట ఇరవై దాటకండి. రోజుకి పన్నెండు, పదమూడు. ఇద్దరూ విడిగా ఎంచుకోండి, ఇద్దరి జాబితాలోనూ ఉన్నవి ముందు, తర్వాత చెరి ఇరవై. లేకపోతే ఒకరి కంటితోనే పుస్తకం తయారవుతుంది. బండి, తిండి, గది, దారి చూపించిన మనిషి, ఇవి వదిలేసి గుళ్లూ గోపురాలే పెడతారు. పదేళ్లకి వెతుక్కునేది ముందువాటినే.

జిగురు పేజీల మీద ప్లాస్టిక్ పొర లాగి మూసే ఆల్బమ్ కొనకండి. మన సముద్రపు గాలికి ఆ జిగురు పసుపెక్కి ఫోటోకి అంటుకుపోతుంది, తీస్తే చిరుగుతుంది. మామూలు మందపాటి పేజీలు, మూలలకి కాగితపు త్రికోణాలు. నోట్లు, నాణేలు, టికెట్లు కూడా ఆ త్రికోణాల్లోనే. ఫోటో వెనక బాల్ పెన్నుతో రాస్తే ముందుకి ఉబ్బుతుంది, మెత్తని పెన్సిల్‌తో అంచున రాయండి. పుస్తకం బీరువాలో నిలబెట్టండి, బయటి గోడకి ఆనించిన బీరువా వద్దు, అటక అసలే వద్దు. సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి ఏటా వానలకి ముందు మార్చండి.

పలాస_జీడిచెట్టు
ఫైళ్లు మూడు చోట్ల ఉంచు. కంప్యూటర్‌లో ఒకటి, హార్డ్ డిస్కులో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. హార్డ్ డిస్కు నీ ఇంట్లో కాదు, రాజాంలో అప్ప దగ్గర. తిత్లీ తుపాను 2018 అక్టోబర్‌లో మన పక్క ఎలగ ఊడ్చేసిందో తెలుసు కదా, రెండు కాపీలూ ఒకే ఇంట్లో ఉంటే లాభం లేదు. ఏడాదికోసారి డిస్కు పెట్టి నాలుగు ఫోటోలు తెరిచి చూడండి. క్లౌడ్‌లో "అసలు నాణ్యత" ఎంచుకో. గూగుల్‌లో 15 జీబీ దాకానే ఉచితం, నీ 2,000 ఫోటోలతో అందులో చాలా భాగం నిండిపోవచ్చు.

పైడితల్లి_దీవెన
అమ్మ చదవాలి కాబట్టి అక్షరం 16 పాయింట్లకి తగ్గొద్దు. ఫోటో మీద తెల్లక్షరాలు వెయ్యకండి, కింద తెల్లకాగితం మీద నల్లక్షరాలు. ఊరు, తేదీ, ఫోటో తీసింది ఎవరు, ఈ మూడూ ప్రతి దానికీ. ఎవరు తీశారన్నది అందరూ వదిలేస్తారు. తీసినవాళ్లు ఆ ఫోటోలో కనబడరు, అది రాయకపోతే సగం ప్రయాణంలో మీ అప్ప లేనట్టే ఉంటుంది.

రాజాం_అప్ప
తమ్ముడూ, నేనే. లింకు పంపితే మొత్తం చదివినాను. సిగిరియా ముందన్నది ఒప్పుకుంటన్నాను. పట్టీ తెగింది సిగిరియా దిగేటప్పుడు, ఆ ఇనప మెట్ల మీద. పిన్నీసు ఇచ్చింది టికెట్ గేటు దగ్గర కొబ్బరిబొండాలు అమ్మే ఆవిడ, అది రాయి. బొండాం 200 లంక రూపాయలు, రెండు తాగినాం, నేనే ఇచ్చినాను, ఉమ్మడి గడిలో వెయ్యి. 2,400 రేపు పంపుతాను.

ఇంకోటి. పాలు, కూరల లెక్క రాసే చీటీ పుస్తకం నా సంచిలోనే ఉన్నాది. అందులో ప్రతి రాత్రీ పెన్సిల్‌తో నాలుగు ముక్కలు రాసినాను. ఊరు, గది, ఎంత ఖర్చు, నువ్వు ఏం తినలేదో. మొదటి నాలుగు రోజుల పేజీలు చెమటకి అలికిపోయినాయి.

డే_అండ్_నైట్_జిరాక్స్
అమ్మా, ఆ పేజీలని రబ్బరుతో తుడవొద్దు, పెన్సిల్‌తో మళ్లీ దిద్దొద్దు. పుస్తకం విప్పకుండా, కుట్టు తీయకుండా అలాగే తీసుకురండి. నలుపు తెలుపులో కాకుండా రంగులో, 400 డీపీఐలో స్కాన్ చెయ్యాలి. పెన్సిల్ రాత కొంచెం మెరుస్తుంది, మామూలు జిరాక్స్‌లో ఎగిరిపోతుంది. స్కానర్ మీద ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా పెట్టి తీస్తే ఒక దాంట్లో కనబడనిది ఇంకోదాంట్లో కనబడుతుంది. అలికిన పేజీల వెనక పేజీ కూడా తీయండి, గట్టిగా నొక్కి రాసి ఉంటే అక్కడ అచ్చు పడి ఉంటుంది.